పిలుపు ఎవరిది? భారము ఎవరిది?



సేవకుడు ఏ సంఘమునకు వెళ్లవలెనో ఎవరు నిర్ణయించవలెను? మన బాప్టిస్టులలో సంఘమే ప్రార్థించి, అతని ప్రసంగము విని, పిలుచుకొనును. అమెరికాలోని మిస్సౌరీ సినడ్ లూథరనుల పద్ధతి వేరు. అక్కడ సెమినరీ విద్యార్థి సాధారణముగా మూడవ ఏడు ఒక కాపరి చేతిక్రింద సంఘములోనే పని నేర్చుకొనును. చదువు ముగియగానే అతని మొదటి స్థలమును డిస్ట్రిక్టు అధ్యక్షుల మండలి నియమించును. అతడు తన పరిస్థితులను ముందు చెప్పుకొనవచ్చును. తుది మాట మాత్రము అతనిది కాదు. అటుతరువాత వచ్చు పిలుపులను అంగీకరించుటకైనను, వద్దనుటకైనను అతనికి స్వేచ్ఛ కలదు. క్రమమైన పిలుపు లేక ఎవడును సంఘములో బోధింపరాదని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అంశము చెప్పుచున్నది.

ఇది బలవంతమా? పలుకుబడి లేని చిన్న సంఘమును కూడ తలంచువారుండుట మేలే. అయితే దూరమున కూర్చుండి నియమించువారికి ఆ కుటుంబపు కష్టము కనబడకపోవచ్చును. మన పద్ధతిలో స్వేచ్ఛ కలదు. కాని పేద సంఘము ఏండ్ల తరబడి కాపరి లేకయే ఉండవచ్చును. ఆంధ్రకు దూరముగా నున్న మన సంఘములకు ఈ బాధ తెలిసినదే.

కాబట్టి అసలు ప్రశ్న ఎవరు ఎన్నుకొనిరి అన్నది కాదు. పిలుచుట ఒక్క దినపు పని. పోషించుట ప్రతి నెల పని. నియమించినది మండలియైనను, చేతులెత్తి ఎన్నుకొనినది సంఘమైనను, సేవకుని జీతము, ఇల్లు, బిడ్డల చదువు విషయమై జవాబు చెప్పలేనివారు అతనిని పిలిచితిమని చెప్పుకొనుట న్యాయమా? ఆలోచించుడి.