దారి వేసిన చెయ్యి, నడిచిన కాలు

ధ్యానమనగానే మన అభ్యుదయవాదులలో చాలామంది పెదవి విరుస్తారు. అన్యాయాన్ని కళ్ళు తెరిచి చూడవలసిన మనిషి కళ్ళు మూసుకు కూర్చోవడం పలాయనం కాక మరేమిటని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీల్లేదు. కాని తీర్పు చెప్పేముందు మరొక సంగతి విచారించాలి: మనిషి ప్రశాంతంగా కూర్చునే ఆ చోటును ఎవరి శ్రమ తయారుచేసింది? అక్కడ కూర్చునే అవకాశం ఎవరికి దక్కింది?

అమెరికాలో కొన్ని చర్చిలకు ఆవరణలోనే కొంత అడవి ఉంటుంది. ఆ అడవిలో ధ్యానం కోసం కాలిబాటలు వేసుకోవడం అక్కడ పరిపాటి అయింది. తరచు ఆ పని కూలికి చేయించరు. సంఘస్థులు, ఇరుగుపొరుగువారు, స్కౌటు పిల్లలు సెలవురోజున గొడ్డళ్ళూ పారలూ పట్టుకువచ్చి, పొదలు కొట్టి, రాళ్ళు పేర్చి, చెక్కపేళ్ళు పరిచి, అక్కడక్కడా బల్లలు వేస్తారు.

చూడడానికి యిది చిన్న పనే. కాని బాటను ఏటవాలున నిటారుగా దించితే నాలుగు వానలకే అది వాగవుతుంది. గనుక గట్టు వంపును అనుసరించి అడ్డంగా తియ్యాలి. నీరు బాటమీద పరుగెత్తకుండా పక్కకు జారిపోయేలా బయటి అంచును కొద్దిగా వాల్చాలి. పెద్ద చెట్టు వేరు అడ్డమొస్తే వేరును నరకరాదు, బాటే తప్పుకోవాలి. యీ సూత్రాలు పాటించేవాడు మన్ను వాలునూ నీటి నడకనూ గమనించక తప్పదు. తన ఇష్టాన్ని వస్తుధర్మానికి లోబరచుకోవడం అప్పుడతనికి అలవడుతుంది. ధ్యానానికి నేను చెప్పగల మంచి నిర్వచనం అదే. బల్ల వేయకముందే, దానిమీద ఎవరూ కూర్చోకముందే, ధ్యానం మొదలైందన్నమాట.

క్రైస్తవ మఠాల చరిత్రలో యీ భావం పాతదే. ఆరవ శతాబ్దిలో బెనెడిక్టు రాసిన నియమావళి సన్యాసికి ప్రార్థనతోపాటు చేతిపనిని కూడా విధించింది. ఆ ఆదర్శాన్ని తిరిగి నిలబెడతామని బయలుదేరిన సిస్టర్షియన్లు పన్నెండవ శతాబ్దిలో ఏం చేశారు? గాయకసన్యాసులు ప్రార్థనలకు అంకితమై ఉండగా, దూరపు పొలాలు దున్నడానికి, గొర్రెలు కాయడానికి రైతుకుటుంబాలవారిని 'లే బ్రదర్లు'గా చేర్చుకున్నారు. వీరికి నివాసం వేరు, ఆలయంలో స్థానం వేరు. చదువు నేర్పరు, మఠాధిపతి ఎన్నికలో ఓటుండదు. దేవుడు ఇద్దరికీ ఒక్కడే గాని, పొలంలో చెమట ఎక్కువగా ఒకరిది, పుస్తకం మరొకరిది అయింది. రెండవ వాటికన్ మహాసభ నాటికి, అంటే 1960లకు గాని, యీ అంతరం తొలగించే నిర్ణయాలు జరగలేదు.

యీ చరిత్ర పక్కన పెట్టి చూస్తే చర్చి తోటలోని చిన్న బాటకు ఒక పెద్ద అర్థం కనిపిస్తుంది. అక్కడ దారి వేసిన చెయ్యీ, నడిచిన కాలూ ఒకే మనిషివి. శ్రమను ఒకరికీ మౌనాన్ని ఒకరికీ పంచిపెట్టిన పాత ఏర్పాటు, ఆ కొద్దిపాటి నేలమీదనైనా చెరిగిపోతున్నది. దీన్ని పలాయనమని కొట్టిపారెయ్యడం న్యాయం కాదు.

అయితే యింతటితో తృప్తిపడి ఊరుకోవడమూ న్యాయం కాదు. శ్రమదానం చెయ్యాలంటే ముందు మనిషి చేతిలో తన శ్రమ మిగలాలి. ఆ శనివారం పారపట్టినవారినే మనం చూశాం. రానివారెవరు? రాత్రంతా ఆస్పత్రి గచ్చు కడిగి, పగలు మరొక చోట పనికి పోయే స్త్రీ రాలేదు. ఆమెకు మౌనమంటే ఇష్టం లేకనా? తీరిక లేక. ఆ దేశంలో వారానికి నలభై గంటల పని అన్న ప్రమాణం 1938 నాటి చట్టం వల్ల వచ్చి 1940లో అమలయింది. దాని వెనుక దశాబ్దాల కార్మికోద్యమం ఉన్నది. ఆ చట్టం కూడా మొదట పొలం కూలీలనూ ఇళ్ళలో పనిచేసేవారినీ వదిలేసింది. బాట వేసినవారి శనివారం ఆకాశంనుంచి ఊడిపడలేదు.

యీ సంగతి బెంటన్ మెకాయ్ అనే అటవీశాస్త్రజ్ఞుడు గ్రహించాడు. 1921లో అపలాచియన్ కొండలమీదుగా సుదీర్ఘమైన కాలిబాటను ప్రతిపాదిస్తూ, అతడు శ్రమజీవికి దొరికే తీరిక సమస్యనుంచే మొదలుపెట్టాడు. జార్జియానుంచి మెయిన్ వరకు సుమారు 3,500 కిలోమీటర్ల ఆ బాట 1937లో పూర్తయింది. నేటికీ దానిని కాపాడుతున్నవారిలో స్వచ్ఛంద సేవకులదే పెద్దచెయ్యి.

మరొక ప్రశ్న మిగిలింది. ఆ నేల ఎవరిది? ఒహాయో రాష్ట్రంలో అప్పర్ సాండస్కీ దగ్గర 1824లో కట్టిన మెథడిస్టు మిషన్ రాతి చర్చి ఉన్నది. 1843లో వయాండాట్ ప్రజలను అక్కడినుంచి పడమటికి తరలించినప్పుడు వారు ఆ చర్చినీ, తమవారి సమాధులున్న నేలనూ మెథడిస్టులకు అప్పగించి పోయారు. 2019లో ఆ సుమారు మూడెకరాలనూ చర్చి వారికి తిరిగి ఇచ్చింది. పాదాల కింద నేల ఎవరిదో తెలుసుకోవడం కూడా ధ్యానంలో భాగమేనని యిది రుజువు చేస్తున్నది.

కనుక ధ్యానబాటను నేను వ్యతిరేకించను. దానిని ఒక్క పరీక్షకు నిలబెడతాను. మౌనంగా నడిచి బయటికి వచ్చినవాడు, ఆ రాత్రిపనిమనిషికి కూడా ఒక శనివారం కావాలని నోరువిప్పి అడుగుతాడా? అడిగితే అతని మౌనం సార్థకం. అడగకపోతే అతడు వేసిన బాట ఎంత చక్కనిదైనా, తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తుంది.