దూరమునుండి న్యాయము నేర్వవచ్చునా?

ధ్యానభాగములు: 2 సమూయేలు 12:1–13, ద్వితీయోపదేశకాండము 17:6–7



అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమందు లించ్‌బర్గ్ అను పట్టణమున్నది. అక్కడ లిబర్టీ యూనివర్సిటీ అను క్రైస్తవ విద్యాలయమును జెర్రీ ఫాల్వెల్ అను బాప్తిస్టు బోధకుడు 1971లో స్థాపించెను. 1985లో వారు పాఠములను వీడియో క్యాసెట్లకెక్కించి తపాలాలో ఇండ్లకు పంప మొదలుపెట్టిరి. నేడు ఆ పాఠములు ఆన్‌లైన్‌లో కంప్యూటరు తెరమీదికే వచ్చుచున్నవి. వాటిలో క్రిమినల్ జస్టిస్ అను చదువొకటి. నేరము చేసినవానిని పట్టుకొను పోలీసు, విచారించు కోర్టు, శిక్ష అమలుజరుపు జైలు, ఈ మూడింటి పనిని గూర్చిన విద్య అది. పగలు కొలువు చేసికొనువారు సయితము రాత్రి తమ యింటనే కూర్చుండి దానిని చదివి పట్టా పొందవచ్చును.

ఇది మనకు దూరపు సంగతివలె కనబడును. కాని దీనిలో మన ప్రతి గ్రామమునకు చెందిన ప్రశ్న యొకటి దాగియున్నది. నేరస్థుని ముఖము చూడక, నష్టపోయినవాని యేడ్పు వినక, గదిలో కూర్చుండి న్యాయము నేర్వవచ్చునా?

అట్లు నేర్వదగినది చాల ఉన్నదని మొదట ఒప్పుకొనవలెను. సాక్ష్యమేదో వదంతి యేదో వేరుచేయుట, నేరము రుజువగువరకు మనుష్యుని నిర్దోషిగా ఎంచుట, కొట్టి ఒప్పించిన ఒప్పుకోలును నమ్మకుండుట, ఇవి చదువువలన వచ్చును. మంచి మనస్సొక్కటే చాలదు. చట్టమెరుగనివాడు ఎంత దయగలవాడైనను, తెలియకయే నిరపరాధిని చెరకు పంపగలడు. కాబట్టి మన పిల్లలలో ఒకడు పోలీసు కొలువునకో వకీలు పనికో చదివెదనన్నయెడల, పాపపు కొలువని అడ్డుపడకుడి.

అయితే దావీదును జ్ఞాపకము చేసికొనుడి. ధనవంతుడొకడు బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొన్న కథ నాతాను చెప్పగా, రాజు మండిపడెను. నాలుగింతలు చెల్లింపవలెననెను. అది ధర్మశాస్త్రములో ఉన్న మాటయే (నిర్గమకాండము 22:1). కాని అంతకుముందే, వాడు మరణమునకు తగినవాడని కూడ అనెను. గొఱ్ఱె దొంగకు మరణశిక్ష ధర్మశాస్త్రములో ఎక్కడనున్నది? చూచితిరా, దావీదునకు చట్టము తెలియకపోలేదు. తెలిసియే దానిని దాటెను. ఏలయనగా ఆ దోషి అతనికి ముఖములేని మనుష్యుడు. ఆ మనుష్యుడు తానేయని ప్రవక్త చెప్పిన తరువాతనే అతని నోట తీర్పు ఆగి, ఒప్పుకోలు వచ్చెను.

దూరము మనలను కఠినులను చేయును. మోషే ధర్మశాస్త్రము ఈ సంగతి ఎరుగును. అందుకే ఒక్క సాక్షి మాట చాలదని చెప్పి, సాక్ష్యమిచ్చినవాని చెయ్యియే మొదట రాయి వేయవలెనని విధించెను. ఇతరుల చేతులమీదుగా చంపించి, తాను చాటున నిలుచుటకు వీలులేదు. నేరము మోపినవాడు దోషి యెదుటికి రావలసినదే.

కెనడాలోని ఎల్మైరా అను చిన్న ఊరిలో 1974లో ఇద్దరు యువకులు త్రాగి, ఒక్క రాత్రిలో 22 చోట్ల ఇతరుల ఆస్తిని పాడుచేసిరి. అట్టివారిని కనిపెట్టు ఉద్యోగి మార్క్ యాంట్జి మెన్నొనైట్ సంఘస్థుడు. వారు నష్టపోయినవారిని ముఖాముఖిగా కలిసికొనుట మేలని ఆయన సూచింపగా, న్యాయాధిపతి సమ్మతించెను. వారు తలుపుతట్టి, తమ తప్పు ఒప్పుకొని, కొన్ని మాసములలో నష్టపరిహారమును తీర్చిరి. అనేక సంవత్సరములైన తరువాత వారిలో ఒకడు చట్టము, రక్షణలను గూర్చిన చదువుకై కాలేజీలో చేరెను. ఒక దినమున తరగతిలో ఉపన్యాసకుడు ఎల్మైరా వృత్తాంతము చెప్పుచుండగా, అది తన కథయేయని అతడు గ్రహించెను. పాఠములోని దోషి తరగతిలోనే కూర్చుండియున్నాడు!

మన ప్రశ్నకు జవాబు ఇందులో ఉన్నది. చట్టమును దూరమునుండి నేర్వవచ్చును, న్యాయమును నేర్వలేము. తెరమీద చదువువాడు అప్పుడప్పుడు లేచి కోర్టు బల్లమీద కూర్చుండి వినవలెను, చెరసాలలో ఉన్నవారిని దర్శింపవలెను. ప్రతి కేసు చదువునప్పుడు, ఈ మనుష్యుడు నేనైతినా అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఇది లేనిదే, పట్టామీద క్రైస్తవ విద్యాలయము పేరున్నంతమాత్రమున అతని తీర్పు క్రైస్తవ తీర్పు కాజాలదు.

ఇక మన సంగతి. ఏ పట్టాయు లేకయే మనము దినదినము తీర్పరులమై కూర్చుండుచున్నాము. ఫోనులో ఒకని బొమ్మ వచ్చి క్రింద దొంగ అని వ్రాసియున్నయెడల, వెంటనే పదిమందికి పంపుదుము. అరుగుమీద కూర్చుండి పొరుగువానిని విచారణ లేకయే శిక్షింతుము. అతని గుమ్మమునకు మాత్రము పోము. ఈ మాసములో ఎవరినిగూర్చియైన చెడ్డమాట వినినయెడల, దానిని మరియొకనికి చెప్పకమునుపు ఆ మనుష్యుని గుమ్మము తొక్కుడి. ముఖము చూచిన తరువాత మీ మాట మారునేమో చూడుడి.

మన ప్రభువు సయితము ముద్దాయిగా నిలిచెను. ఆయనలో దోషము కనబడలేదని చెప్పిన అధిపతియే చేతులు కడిగికొని ఆయనను అప్పగించెను. ఆ సిలువ నీడలో నిలిచి, న్యాయమును కనికరమును విడదీయకుండ నేర్చుకొను మనస్సును దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.