పలక, పట్టీ, రెక్క: అవయవి ఎక్కడుంది?

బల్ల మీద పరిచి ఉంచితే అది డైవింగ్ సామాను అని పోల్చుకోవడం కష్టం. వెన్నుకు ఆనేలా నడుమ వంపు తీర్చిన స్టీలు పలక ఒకటి. 5 సెంటీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ, ఎక్కడా అతుకు లేకుండా ఒకే పొడవుగా. పట్టీ జారకుండా పట్టి ఉంచే స్టీలు స్లైడర్లు, వాటి పక్కన డి-రింగులు, నడుము దగ్గర బిగించే బకిల్. గాలి నింపితే ఉబ్బే తిత్తి ఒకటి. డైవర్లు దాన్ని వింగ్ అంటారు. సిలిండర్‌ను కట్టడానికి రెండు క్యామ్ బ్యాండ్లు. దుకాణంలో దొరికే రెడీమేడ్ జాకెట్ వద్దనుకుని, వీటిని ఒక్కొక్కటిగా కొని తమ ఒంటికి తగ్గట్టు కూర్చుకునే డైవర్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు.

ఈ పద్ధతి అమెరికాలో, ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో రూపు దిద్దుకుంది. అక్కడి గుహ డైవర్ల కోసం 1979లో గ్రెగ్ ఫ్లానగన్ ఈ పలకను తయారుచేశాడని చెబుతారు. విలియం హోగార్త్ మెయిన్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. అవసరం లేనిదేదీ ఒంటి మీద ఉండకూడదన్నది ఆయన పట్టుదల. ఆ అమరికను ఆయన పేరుతోనే ‘హోగార్థియన్’ అంటున్నారు. గుహలో తలపైన రాయి ఉంటుంది, నేరుగా పైకి ఈదిపోయే దారి ఉండదు. అలాంటి చోట తన వీపు మీదున్న ప్రతి ముక్క ఏమిటో, అది ఎందుకుందో, చెడితే ఏం చేయాలో డైవరుకు తెలిసి ఉండాలి.

ఈ ముక్కలు ‘ఒకటి’ అయ్యేది ఎప్పుడు? అసలు అవుతాయా?

ఈ ప్రశ్న మీద భారతీయ తత్త్వవేత్తలు శతాబ్దాల పాటు కలబడ్డారు. మిలిందపన్హ అనే పాళీ గ్రంథంలో యవన రాజు మిలిందుణ్ణి నాగసేన భిక్షువు ఒక్కొక్కటే అడుగుతూ వస్తాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి, పగ్గాలు రథమా? రాజు అన్నిటికీ కాదనే అంటాడు. అయితే రథం ఎక్కడుందని భిక్షువు నిలదీస్తాడు. భాగాలను ఆసరా చేసుకుని వాడుకలో పెట్టుకున్న పేరే రథమని రాజు ఒప్పుకోవలసి వస్తుంది. మనిషి విషయమూ అంతేనన్నది బౌద్ధుల అసలు మాట.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. దారాల నుంచి పుట్టినా బట్ట దారాల కంటే వేరైన కొత్త ద్రవ్యమని వాళ్ల వాదం. దాన్ని అవయవి అన్నారు. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో దీనికి చక్కని ఆధారం చూపించారు: ఒక కొస పట్టుకుంటే మొత్తం చేతిలో ఆగుతుంది, ఒక కొస లాగితే మొత్తం కదిలి వస్తుంది. ఉత్త ముక్కల గుంపే అయితే చేతికి చిక్కిన ముక్క ఒక్కటే రావాలి కదా?

పట్టీని పలకకు ఎక్కిస్తూ చూసినప్పుడు ఈ వాదంలోని బలం బాగా తెలుస్తుంది. కొత్త నైలాన్ బిరుసుగా ఉంటుంది. దాని అంచులను వేళ్లతో మడిచి స్లైడరు సందులోకి దూర్చి, అవతలి నుంచి లాగాలి. పలక పై గాళ్ల నుంచి భుజాల మీదుగా ముందుకు వచ్చి, చంకల కింద నుంచి వెనక్కి వెళ్లి, కింది గాళ్లలో దూరి, మళ్లీ నడుము చుట్టూ ముందుకు వస్తుంది. మొత్తం ఒకే పట్టీ. మెడ వెనక్కి చెయ్యి పెడితే పలక పై అంచు వేళ్లకు తగలాలి. భుజాల దగ్గర మరీ బిగిస్తే సిలిండర్ వాల్వుకు చెయ్యి అందదు, వదులైతే నీళ్లలో పలక పక్కకు ఒరుగుతుంది. అందుకే పట్టీని విప్పడం, ఒక వేలెడు జరపడం, తొడుక్కుని చూడటం, మళ్లీ విప్పడం. ఈ పనికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఊరికే పోదు. చివరికి భుజం పట్టీ పట్టి ఎత్తితే పలక, వింగ్, సిలిండర్ అన్నీ ఒక్కటిగా లేస్తాయి.

బౌద్ధుడు అక్కడితో ఆగడు. డి-రింగును కదిలిస్తే పలక కదలడం లేదు. ఉన్నది ఒకే వస్తువైతే అది ఒకే సమయంలో కదులుతూ కదలకుండా ఎలా ఉంటుందని అడుగుతాడు. కలిసి లేవడానికి బోల్టుల పట్టు చాలు, వేరే ద్రవ్యం ఎందుకని కూడా అడుగుతాడు. ఈ రెండో ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. పలక నడిమి రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు, అంటే దాదాపు 28 సెంటీమీటర్లు. ఒక కంపెనీ పలక మీద మరో కంపెనీ వింగ్ సరిగ్గా కూర్చోవడానికి కారణం అందరూ పాటించే ఆ కొలతే.

అయినా బోల్టుల లెక్క ఒడ్డు మీద సరిపోయినట్టు నీళ్లలో సరిపోదు. స్టీలు పలక బరువు సుమారు 2.7 కిలోలు, అది మునుగుతుంది. ఎక్కువమంది వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండరు నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి తేలుతుంది. అందులోని గాలికీ బరువుంది, అదీ ఇంచుమించు 2.7 కిలోలే. ఊపిరి పీల్చేకొద్దీ డైవరు తేలికవుతాడు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. తడి సూట్‌లోని గాలి బుడగలు నొక్కుకుపోయి సూటు తేలే గుణం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికే వింగ్‌లోకి కాస్త గాలి వదులుతారు. ఇన్ని లెక్కలు ఒకదానికొకటి సరిపడితే మనిషి పైకీ కిందికీ పోకుండా నీళ్ల నడుమ అడ్డంగా, నిలకడగా ఉంటాడు. ఆ నిలకడ పలకది కాదు, వింగ్‌దీ కాదు. మొత్తం సెట్‌ది అనడానికీ లేదు. అదే సెట్‌ను ఇంకొకరి వీపుకు కడితే కాళ్లు కిందికి వాలవచ్చు. మంచినీటి చెరువులో కుదిరిన బరువు సముద్రపు ఉప్పునీటిలో చాలదు.

ఏడో శతాబ్దపు బౌద్ధ తత్త్వవేత్త చంద్రకీర్తి నాగసేనుడి రథాన్ని మళ్లీ బయటికి తీసి, దాన్ని ఏడు విధాల వెదికాడు. భాగాల కుప్పే రథం కాదు, ఆకారమూ రథం కాదు అన్నవి వాటిలో చివరి రెండు. బల్ల మీద అన్నీ ఉన్నా సెట్ లేదు కాబట్టి కుప్ప కాదన్న మాట నిజం. అమరిక చెక్కుచెదరకపోయినా వీపు మారితే పని చెడుతుంది కాబట్టి ఆకారమూ కాదు. ఒళ్లు, నీళ్లు, లోతు, సిలిండరులో మిగిలిన గాలి, వీటన్నిటి మీదా ఆధారపడి ఆ పూటకు నిలిచేది ఉంది చూడండి, దాన్ని ‘లేదు’ అనడం అన్యాయం. దానంతట అది ఉందనడమూ కుదరదు. ఈ చోట చంద్రకీర్తి గురుపరంపర నైయాయికుల కంటే లోతుకు దిగిందని చెప్పక తప్పదు.

ఆ పరంపరకు మూలపురుషుడు నాగార్జునుడు. ఆయన పేరు మోస్తున్న కొండ మన కృష్ణాతీరంలోనే ఉంది. నాగార్జునసాగర్ జలాశయం ఆ లోయను ముంచబోతోందని తెలిసి 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని విప్పి, తరలించి, కొండ మీద మళ్లీ కట్టారు. ఇప్పుడు చుట్టూ నీళ్లున్న ఆ దిబ్బ మీద యాత్రికులు చూసేది ఇక్ష్వాకు రాజుల నాటి కట్టడమేనా?

నైయాయికుల జవాబు మొదట వింతగా తోస్తుంది. బట్టలోంచి ఒక్క దారం లాగేసినా పాత బట్ట నశించిందనీ, మిగిలిన దారాల నుంచి కొత్త ‘ఖండపటం’ పుట్టిందనీ వాళ్లంటారు. అదే బట్ట అని మనకు తోచేది పోలిక వల్లనట. ఎదుటివాళ్లు దీన్ని మొండి వాదమన్నారు. కానీ జాగ్రత్త గల డైవరు చేసే పని అచ్చంగా ఇలాగే ఉంటుంది. పట్టీ కొస ఎక్కువైందని కత్తిరించి, పోగులు లేవకుండా మంటకు చూపించి కరిగించినా, స్టీలు పలక తీసి ఒక కిలోకు అటూఇటూ తూగే అల్యూమినియం పలక వేసినా, నిన్నటి సెట్టే కదా అని నేరుగా లోతుకు దిగడు. ముందు లోతు లేని నీళ్లలోకి దిగుతాడు. సిలిండరులో 50 బార్ల గాలి మిగిలేదాకా ఆగి, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలవగలుగుతున్నాడో లేదో చూసుకుంటాడు. పైకి తేలిపోతుంటే సీసం ఇంకొంచెం కలుపుతాడు, కిందికి జారుతుంటే ఒక దిమ్మ తీసేస్తాడు. బకిల్ కుడిచేత్తో ఒక్క లాగులో ఊడుతోందా, వాల్వుకు చెయ్యి అందుతోందా, కత్తి పెట్టిన చోటే ఉందా అని మొదటిసారి తొడుక్కున్నవాడిలా తడిమి చూసుకుంటాడు.