షెకెములో మొరపెట్టినవారు

వాక్యభాగము: 1 రాజులు 12:1–25



ఐదేండ్ల గడువు నిండకమునుపే ఒక ఎన్నిక వచ్చు సూచన కనబడినయెడల మన గ్రామములలో మొదట పుట్టు ప్రశ్న ఒక్కటే: ఎవరు గెలుతురు? హోటలు బల్లమీదను, బస్సులోను, ఆరాధన ముగిసిన తరువాత గుడి ముంగిట వేపచెట్టు క్రిందను ఇదే మాట. 2025లో మడికొండకు చేరువనున్న స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉపఎన్నిక వచ్చునా రాదా అని ఎంత చర్చ జరిగినదో మనమందరము ఎరుగుదుము. 2023 ఎన్నికలలో ఒక పార్టీ గుర్తుపై గెలిచిన పదిమంది శాసనసభ్యులు అధికార పక్షములో చేరిరను ఫిర్యాదు సుప్రీంకోర్టు వరకు పోగా, మూడు నెలలలో ఆ సంగతి తేల్చవలెనని 2025 జూలై 31న కోర్టు స్పీకరును ఆదేశించినది. ఆ వార్త వినబడినదో లేదో, లెక్కలు మొదలాయెను. ఏ వాడలోని ఓట్లు ఎటు పోవును, ఏ పార్టీకి గాలి వీచుచున్నది, ఎవరు ఎంత ఖర్చు పెట్టగలరు?

జోస్యము చెప్పువారికి కొదువలేదు. అహాబు రాజు రామోత్గిలాదు మీదికి యుద్ధమునకు పోదలచినప్పుడు సుమారు నాలుగు వందలమంది ప్రవక్తలు ఏకకంఠముగా జయము పలికిరి. మీకాయా ఒక్కడే వేరుగా చెప్పెను. ఎన్నికల కాలములో సర్వేలవారిని చూచినప్పుడెల్లను ఆ నాలుగు వందలమంది మాకు జ్ఞాపకము వత్తురు.

ఈ నెల మేము మీ ముందుంచదలచినది మరియొక ప్రశ్న. జనులు అసంతృప్తిగా ఉన్నారని అందరును అందురు. ఆ అసంతృప్తి ఎవరి సొత్తు? దానిని పెట్టుకొని ఏమి చేయుట న్యాయము?

సొలొమోను చనిపోయిన తరువాత ఇశ్రాయేలు జనులందరు షెకెములో కూడుకొని రెహబాము నొద్దకు వచ్చిరి. వారు అడిగినది చిన్న మాట. నీ తండ్రి మామీద మోపిన కాడి బరువైనది, దానిని చులకన చేయుము, మేము నీకు సేవచేయుదుమనిరి. తిరుగుబాటు చేయుటకు వారు రాలేదు. ఆ మొరలో అబద్ధమును లేదు. ఏలయనగా సొలొమోను దినములలో మందిరమును రాజనగరును వెట్టిపనివారి చెమటతో లేచినవి. వెట్టి అను మాటను మన ప్రాంతములో ఎవరికిని వివరింపనక్కరలేదు. నైజాము కాలమున దొరల గడీలకు కట్టెలు మోసినవారి మనుమలు, మునిమనుమలు ఈ పత్రిక చదువువారిలోనే ఉన్నారు. రాజు మూడు దినములు గడువు అడిగి, పెద్దల ఆలోచన త్రోసివేసి, తనతో పెరిగిన యౌవనస్థుల మాట విని, మునుపటి భారమే తేలిక అనిపించునంతగా ఇంకను బరువు మోపెదనని కఠినముగా పలికెను. పది గోత్రములు చెయ్యిజారిపోయెను. అటుతరువాత సయితము బుద్ధి రాక, జనులను సమాధానపరచుటకు అతడు ఎవరిని పంపెనని చూచెదరా? వెట్టిపనులమీద అధికారిని! అట్టి తెలివితక్కువ పని చేయు పాలకులు ఏ కాలమందైనను ఉందురు.

ఇంతవరకు మనము అందరము చెప్పుకొను కథయే. పాలకుడు గర్వించెను, జనులు విడిచిపోయిరి, తగిన శాస్తి జరిగెను. అయితే ఆ జనుల మొర ఏమాయెనని మనలో ఎంతమంది అడుగుదుము?

వారి ముందు నిలిచి మాటలాడినవాడు యరొబాము. ఈ యరొబాము ఎవడు? ఒక అధ్యాయము వెనుకకు తిప్పి 11:28 చూడుడి. అతడు పని తెలిసిన యౌవనుడని కనిపెట్టి సొలొమోనే అతనిని యోసేపు సంతతివారు చేయవలసిన బరువు పనిమీద అధికారిగా నియమించి యుండెను. అనగా కాడి బరువైనదని మొరపెట్టుటకు జనులు ముందుంచుకొనినవాడు ఆ కాడిని మోయించినవారిలో ఒకడు. అతడు మారుమనస్సు పొంది యుండవచ్చును, పొందక యుండవచ్చును. వాక్యము ఆ సంగతి చెప్పదు. అతడు రాజైన తరువాత చేసిన వాటిని మాత్రము చెప్పుచున్నది. జనులు యెరూషలేమునకు పోయినయెడల తన పదవి పోవునని భయపడి, బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలను నిలిపెను.

మన నేలమీద జరిగిన సంగతి ఒకటి ఇచ్చట తలంచుకొనవలెను. 1969లో ప్రత్యేక తెలంగాణ కొరకు విద్యార్థులు, ఉద్యోగులు వీధులలోనికి వచ్చిరి. 369 మంది ప్రాణములు పోయెనని ఉద్యమకారులు లెక్క చెప్పుదురు. ఆ మంటలు చల్లారకమునుపే ఇందిరాగాంధీ లోక్‌సభను గడువుకు ఒక సంవత్సరము ముందుగా రద్దు చేయించి 1971 మార్చిలో మధ్యంతర ఎన్నికలు జరిపించిరి. దేశమంతట ఆమె గాలి వీచెను. తెలంగాణలో మాత్రము 14 స్థానములకు 10 తెలంగాణ ప్రజాసమితి గెలుచుకొనెను. వరంగల్ వాటిలో ఒకటి. దేశమంతయు ఒక ప్రక్కకు పోవుచుండగా తమ దుఃఖము తమదని నిలిచిన ఓటు అది. దానిని మేము తక్కువ చేయము. అయితే అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులోనే కలిసిపోయెను. ముఖ్యమంత్రి మారెను, తెలంగాణవారైన పి.వి. నరసింహారావు ఆ పదవిలోనికి వచ్చిరి. కొంత ఫలము లేకపోలేదు. కాని జనులు అడిగినది ముఖ్యమంత్రిని మార్చుమని కాదు. వారు అడిగినది రాష్ట్రము. అది వచ్చుటకు 2014 జూన్ 2 వరకు పట్టినది.

ఆ ఓట్లు వేసినవారు మోసపోయిరని కొందరందురు. మేము అట్లు చెప్పజాలము. ఓటు వేసిన దినముననే తమ పని ముగిసినదని తలంచినవారు మోసపోయిరి. వేసిన తరువాత కూడ ఇంటింట ఆ మాటను బ్రదికించుకొనినవారు ఉండిరి గనుకనే నలుబది మూడేండ్లకైనను అది నెరవేరెను. మొర ఒకటి, దానిని మోయు పార్టీ ఒకటి. పార్టీ ఆగిపోయినచోట మొర ఆగవలెనని ఎక్కడను లేదు.

మన ఓటర్లు గొఱ్ఱెల మందవలె పోవుదురని పట్టణపు చదువరులు తరచు పలుకుదురు. వారు 1984ను చదువలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వమును కూలద్రోయగా, జనాగ్రహము పొంగి నెల దినములకే ఆయన తిరిగి పీఠమెక్కిరి. డిసెంబరులో, ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతయు కాంగ్రెసు వైపు ఒరిగినప్పుడు, తెలుగువారు తెలుగుదేశమునకు 30 స్థానములిచ్చిరి. హన్మకొండ లోక్‌సభ స్థానములో కేంద్రమంత్రి పి.వి. నరసింహారావే ఓడిపోయిరి; దేశము మొత్తములో భారతీయ జనతా పార్టీ గెలిచిన రెండు స్థానములలో అది ఒకటి. 1985 మార్చిలో మధ్యంతర శాసనసభ ఎన్నికలు రాగా అదే తీర్పు మరల వచ్చెను. గెలిచినవారు మంచివారా కారా అనునది వేరే చర్చ. డొంకతిరుగుడుగా అధికారము లాగుకొనుట మాకు సమ్మతము కాదని సామాన్యులు చెప్పగలిగిరి.

ఆ పొలములలోనే, ఆ మనుష్యుల బిడ్డలమధ్యనే, 2021లో మరియొకటి చూచితిమి. హుజూరాబాద్ ఉపఎన్నిక ఆ యేడు అక్టోబరు 30న జరిగినది. ఆ నియోజకవర్గములోని కమలాపూర్ మండలము మన హన్మకొండ జిల్లాలోనిదే. ఎన్నికకు ముందు వరములు కురిసినవి. కుటుంబమునకు 10 లక్షల రూపాయల దళితబంధు పథకము ఆగస్టులో అక్కడనే ప్రారంభింపబడెను. అది చూచి ఇతర నియోజకవర్గముల జనులు తమ ఎమ్మెల్యే కూడ రాజీనామా చేసిన బాగుండునని బాహాటముగా అనసాగిరి. ఎన్నిక దగ్గరపడగా, డబ్బు కవర్లు కొందరికి అందినవి మాకు అందలేదని కొన్ని గ్రామములలో స్త్రీలు పురుషులు రోడ్డుమీదికి వచ్చిరని పత్రికలు వ్రాసినవి. అసంతృప్తికి అది కొత్త రూపము! షెకెమువారు కాడి చులకన చేయుమని అడిగిరి. వీరు కాడికి రావలసిన ధర అడిగిరి.

ఏశావును మనము సులభముగా నిందింతుము. అతడు నిజముగా ఆకలిగొని పొలమునుండి వచ్చెనను సంగతి మరువరాదు. పేదవాని ఆకలి పాపము కాదు. నాలుగు దినముల కూలికి సమానమైన కవరు గుమ్మములోనికి వచ్చినప్పుడు దానిని త్రిప్పి పంపుట, కడుపు నిండినవారు చెప్పినంత తేలిక కాదు. మరికొందరు ఉపాయముగా, డబ్బు వారిదే గదా, పుచ్చుకొని మనకు నచ్చినవానికి వేయుదమందురు. హుజూరాబాద్‌లో వరములు కురిపించిన పక్షమే ఓడిపోయినది గనుక ఈ ఉపాయము ఫలించినట్లే కనబడును.

అయినను చిక్కు ఎక్కడనగా, ఓటుకు డబ్బు ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చట్టప్రకారము నేరము, అది యటుండనిండు. మడికొండ సంగతి చూడుడి. వరంగల్ నగరపు చెత్త లారీలతో వచ్చి మడికొండ రాంపూర్ల మధ్య డంపింగ్ యార్డులో గుట్టలుగా పడినది. అది కాలి పొగ లేచినప్పుడు పసిబిడ్డ దగ్గును, ముసలితల్లి దగ్గును. ఏ పార్టీవాడని పొగ అడుగదు. మునుపు గ్రామపంచాయతీగా నున్నప్పుడు సర్పంచి యింటి అరుగుమీద కూర్చుండి అడుగుట కలదు. నగరపాలక సంస్థలో కలిసిన తరువాత ఆ అరుగు దూరమాయెను. ఇట్టి ఊరికి చేతిలో మిగిలినది తన మొర ఒక్కటే. కవరు పంచి గెలిచినవానియొద్దకు ఆ పొగ మాట తీసికొనిపోయినప్పుడు అతడు పైకి అనకపోయినను లోపల అనుకొనును, మీ లెక్క ఆనాడే తీర్చితినని. ఓడినవాడు అసలే తలుపు తీయడు. ఓటు మన యిష్టప్రకారమే వేసినను, అడుగు నోటికి మాత్రము తాళము పడును.

సంఘములకు కూడ ఒక మాట చెప్పక తప్పదు. ఎన్నికలు రాగానే అభ్యర్థులకు మన గుడి త్రోవ తెలియును. ఒకరు స్లాబు వేయించెదమందురు, ఒకరు మైకుసెట్టు కొనిపెట్టెదమందురు, ప్రహరీగోడ అందురు. కాపరి ఆనందించి ఆరాధన మధ్య శాలువ కప్పి మాట్లాడనిచ్చును. కూలిపనివారి కవరును ప్రసంగపీఠమునుండి ఖండించి, సంఘపు కవరును కానుక అని పిలుచుట మాకు బోధపడని సంగతి. రాబోవు ఎన్నికలో ఎవరికి వేయవలెనో మేము చెప్పము. అది ఈ పత్రిక పని కాదు. వచ్చిన అభ్యర్థిని, ఏ గుర్తువాడైనను, స్లాబు సంగతి ప్రక్కకు పెట్టి చెత్త సంగతి అడుగవచ్చును. గెలిచిన ఆరు నెలలకు, సంఘపెద్దలు నలుగురు కలిసి వెళ్లి, చెప్పినది ఏమాయెనని మరల అడుగవచ్చును. అందుకు ఎన్నికతో నిమిత్తము లేదు.

షెకెమువారు అట్లు మరల అడిగినట్లు మనకు కనబడదు. కాడి ఏమాయెనని ఒకడైనను యరొబామును ప్రశ్నించెనని ఆ అధ్యాయములో ఎచ్చటను లేదు. 25వ వచనములో అతడు షెకెమును కట్టించెననియు, అక్కడనుండి వెళ్లి పెనూయేలును కట్టించెననియు ఉన్నది. ఆ గోడలకు రాళ్లు మోసినవారు ఎవరో, వారికి కూలి ముట్టినదో లేదో వ్రాయబడలేదు.