గెలిచిన సొమ్ము ఎవరిది?



పేకాట వద్దని చెప్పాలంటే మనం ఎప్పుడూ ఓడినవాడినే చూపిస్తాం. అమ్మిన పొలం, తాకట్టుపెట్టిన పుస్తెలు, గడపలో అప్పులోళ్లు. ఈసారి గెలిచినవాడిని చూద్దాం.

వాల్టర్ క్లైడ్ పియర్సన్, 'పగ్గీ' అంటారు, 1929లో అమెరికాలో పేద ఇంట్లో పుట్టాడు. అయిదో తరగతిలో బడి మానేశాడు. నౌకాదళంలో మూడు విడతలు పనిచేశాడు. జూదంలో చెయ్యి తిరిగిందీ ఆ రోజుల్లోనే. బయటికొచ్చినంక పెద్ద పందేల పోకరే బతుకుదెరువైంది. 1973లో లాస్ వేగాస్‌లో జరిగే ప్రపంచ పోటీ గెలిచాడు.

ఆ పోటీ లెక్క వినండి. 13 మంది, తలా 10,000 డాలర్లు. మొత్తం ఒక్కడి దగ్గరికి చేరేదాకా ఆట ఆగదు. ఆ పద్ధతి ఆలోచన కూడా పియర్సన్‌దే అంటారు. చివరికి 1,30,000 డాలర్లు ఆయనకే వచ్చాయి. అందులో ఆయనవి పదివేలు. మిగతా లక్షా ఇరవై వేలు పన్నెండు మందివి. ఎన్ని గంటలు ఆడినా ఆ బల్ల మీద ఒక్క డాలరు కూడా కొత్తగా పుట్టలేదు.

"అదృష్టం కాదు, నైపుణ్యం గదా" అంటారు కొందరు. మన దగ్గరా ఇదే వాదన నడిచింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానమన్నది, మూడు ముక్కలాట ఉత్త అదృష్టమన్నది. 2017లో తెలంగాణ ఆ తేడా పక్కనబెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అట్లాంటి చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్నది కోర్టు ప్రశ్న. ఎవరి కంచంలోంచి వచ్చిందన్నది ధమ్మం ప్రశ్న.

బుద్ధుడు సిగాలుడనే గృహస్థుకు జూదం వల్ల కలిగే ఆరు నష్టాలు చెప్పాడు. మొట్టమొదటిది ఓడినవాడి గురించి కాదు. గెలిచినవాడు శత్రువులను సంపాదించుకుంటాడని.

"గెలిచినా ఓడినా చలించడు, మొహం కదలదు. ఇది ధ్యానం కాదా?" అని అడగవచ్చు. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గట్టున కొంగ కూడా కదలకుండానే నిలబడుతుంది. దాని చూపంతా చేప మీదనే. అష్టాంగ మార్గంలో స్మృతికి ముందు 'సమ్యక్' అన్న మాట ఊరికే పెట్టలేదు. ఏకాగ్రత దేనికోసమో చూసినంకనే అది మంచిదో కాదో తేలుతుంది.

"వ్యాపారంలో మాత్రం ఒకరు నష్టపోరా?" నిజమే, పోతారు. కానీ చెప్పులు కుట్టినవాడు డబ్బు తీసుకుంటే, కొన్నవాడు చెప్పులేసుకుని పోతాడు. ఇద్దరి దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది. "ఇష్టపడే కూర్చున్నారు గదా?" అంటే, కూర్చున్నవాడు ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉన్న ఆమెను, ఫీజు కట్టాల్సిన పిల్లను ఎవరు అడిగారు?

ఇది పియర్సన్‌ను తిట్టడానికి రాస్తున్నది కాదు. చదువు అందని పిల్లవాడికి లెక్క, ఓర్పు, ధైర్యం అన్నీ ఉన్నాయి. దొరికిన దారిన పోయాడు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ కూడా సైనికుడే, సుబేదారు. ఆయన తన క్రమశిక్షణను కొడుకు చదువు మీద పెట్టాడు. ఆ చదువు వల్ల ఎవరి కంచమూ ఖాళీ కాలేదు, కోట్లమందికి దారి దొరికింది.

మన పిల్లలను "ఓడిపోతావురా" అని భయపెడితే, గెలిచిన రోజు ఆ భయం పోతుంది. అందుకే సమ్యక్ ఆజీవం ఇంట్లోనే నేర్పుదాం. పేకాట ఒక్కటే కాదు. వడ్డీ కావచ్చు, ప్లాటు కమీషన్ కావచ్చు. చేతికి డబ్బొచ్చిన ప్రతిసారీ రెండు మాటలు అడుగుదాం: ఇది ఎవరి చేతిలోంచి వచ్చింది? బదులుగా ఆ చేతిలో మనం ఏం పెట్టాం?