గాజు పెట్టెలో కనబడని పేరు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 28:15-29, మత్తయి 6:19-21, యాకోబు 2:1-5



2006వ సంవత్సరమున, మేము వేదాంత పాఠశాలలో చదువుచున్న దినములలో, హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలలో నిజాము నగలను ప్రజలు చూచుటకై ఉంచిరి. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేయుచుండిన మా సంఘపు పెద్ద యొకరితో కలిసి మేమును చూడబోతిమి. చాలసేపు వరుసలో నిలిచి, గట్టి కావలి నడుమ లోపలికి పోతిమి. ముత్యముల హారములు, పచ్చలు, కెంపులు, తలపాగాల మీది కలికితురాయిలు, చిన్నపిల్లల నగలు సహితము అక్కడ నుండెను. ఆ సొత్తు మొత్తము 173 వస్తువులు. 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలిచ్చి వాటిని కొనెను. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో భద్రముగా నుంచబడి, అరుదుగా మాత్రమే బయటికి తేబడినవి.

వాటిలో అందరును నిలిచి చూచినది జేకబు వజ్రము. దాని తూకము సుమారు 185 కారెట్లు. అది దక్షిణాఫ్రికా గనిలో దొరికినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1891లో జేకబు అను వర్తకుని యొద్ద దానికై బేరమాడగా, ఆ బేరము వ్యాజ్యమై కలకత్తా న్యాయస్థానమునకు ఎక్కెను. ఆయన మరణానంతరము కుమారుడు ఉస్మాన్ అలీఖాను దానిని తండ్రి పాదరక్షలో కనుగొని, కాగితములు ఎగిరిపోకుండ బరువుగా వాడెనని చెప్పుదురు.

మా పెద్ద ఆ పెట్టె ముందు కొంచెము సేపు నిలిచి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, కొన్నాయన పేరు చెప్తున్నరు, అమ్మినాయన పేరు చెప్తున్నరు. మరి తవ్వినోని పేరేది?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మాత్రము మమ్మును విడువలేదు.

ప్రియులారా, లోకములో పేరుపొందిన వజ్రములలో అనేకము మన తెలుగు నేలనుండి పోయినవే. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గని యుండెను. 17వ శతాబ్దములో దానిని చూచిన టవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు అక్కడ దాదాపు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వుచుండగా, స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరి. ఆ గనులనుండి పోయిన రీజెంటు వజ్రము పారిసు నగరపు లూవ్రు ప్రదర్శనశాలకు చెందినది. నీలివర్ణపు హోపు వజ్రము 1958లో అమెరికాలోని స్మిత్సోనియను సంస్థకు చేరెను. ఓరుగల్లు ప్రాంతపు వారమైన మనకు కోహినూరు అనగానే కాకతీయులు జ్ఞాపకము వత్తురు. అది వారియొద్ద నుండెననుటకు గట్టి ఆధారము లేదు. అయితే 1849లో పదేండ్ల బాలుడైన పంజాబు రాజు దులీప్‌సింగు చేత సంధిపత్రము మీద సంతకము చేయించి ఆంగ్లేయులు దానిని తీసికొనిపోయిన మాట నిజము. 1852లో మరల సానబట్టగా 186 కారెట్ల రాయి 105 కారెట్లకు తగ్గెను. నేడది లండను కోటలో రాణి కిరీటమునందున్నది.

ఈ రాళ్లను ధరించిన రాజుల పేర్లు మనకు తెలియును. మన్ను మోసిన ఆ 60,000 మందిలో ఒక్క తల్లి పేరైనను మనకు తెలియదు.

ఇంత కావలి యున్నను ఆ ధనము నిలుచునా? 2025 అక్టోబరు 19, ఆదివారమున, పట్టపగలు, దొంగలు నిచ్చెన బండి మీద లూవ్రు భవనము కిటికీకి ఎక్కి, అద్దములు కోసి, కొద్ది నిమిషములలో రాజకుటుంబపు నగలు ఎనిమిదింటిని ఎత్తుకొని పోయిరి. ఒక మహారాణి కిరీటము పారిపోవు త్రోవలో క్రిందపడి వంగిపోయెను. మన కొల్లూరు వజ్రము అదే శాలలో నుండియు ఆ దినమున తప్పిపోయినది. చిమ్మెటను తుప్పును దొంగను గూర్చి కొండమీద ప్రభువు చెప్పిన మాట బీదవాని పెట్టెకు మాత్రమే కాదు, రాజుల ఖజానాకును చెల్లును.

ఇప్పుడు నిర్గమకాండము తెరచి చూడుడి. అక్కడను రత్నములున్నవి. ప్రధానయాజకుని రొమ్ము మీది పతకమునందు నాలుగు వరుసలలో 12 రాళ్లు పొదుగవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఆ రాళ్ల మీద ఎవరి పేర్లు చెక్కించెను? మోషే పేరు కాదు, అహరోను పేరు కాదు. ఐగుప్తులో ఇటుకలు చేసి, మన్ను మోసి, కొరడాదెబ్బలు తిన్న జనుల గోత్రముల పేర్లు. యాజకుడు పరిశుద్ధస్థలమునకు వెళ్లునప్పుడెల్ల ఆ పేర్లను తన హృదయము మీద మోసికొని పోవలెను. మన పెద్ద అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ నున్నది. మనుష్యులు రాతిని దాచి, త్రవ్వినవాని పేరు మరచిరి. దేవుడు మన్ను మోసినవాని పేరును రాతి మీద వ్రాయించెను. మన ప్రధానయాజకుడైన యేసు ఆ పేర్లను గాయపడిన చేతులతో నేటికిని తండ్రి సన్నిధిని మోయుచున్నాడు.

ఇది వ్రాయుచుండగా మా తప్పు ఒకటి ఒప్పుకొనక తప్పదు. గడచిన క్రిస్మసు ఆరాధనకు జనగామ ప్రాంతపు ఒక పల్లెలో పట్టణమునుండి వచ్చిన బంధువులకు, మెడనిండ బంగారము ధరించినవారికి, మేమే ముందు కుర్చీలు వేయించితిమి. ఆ దినమున ఒక సహోదరి చెప్పులు విడుచు చోట, తలుపు చాటున కూర్చుండెను. తరువాత మూడు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. ఆలస్యముగా ఆమె ఇంటికి పోతిమి. పత్తి చేను పోయి, ఎరువుల బాకీకై పుస్తెలు కుదువబెట్టెనట. దారమునకు పసుపుకొమ్ము కట్టుకొని యుండెను. "మెడ బోసిగ ఉన్నది అయ్యగారూ, అందరి నడుమ ఎట్ల కూసుందును?" అని కన్నీరు పెట్టుకొనెను. యాకోబు పత్రికలోని బంగారు ఉంగరపు మనుష్యుని గూర్చి మేము ఎన్నో మారులు బోధించితిమి. అయినను ఇతరుల మెడలోని తులములు మా కంటబడెను గాని ఈ తల్లి లేమి కంటబడలేదు. ఆమె యెదుట మేము క్షమాపణ అడిగితిమి. సంఘము యెదుటను అడుగుచున్నాము.

బంగారము పాపమని మేము చెప్పుటలేదు. పేదరాలికి అది ఆపదనాటి అక్కర. మానుకోట తండాలలో పిల్లల చదువు కొరకు వెండి కడియములు అమ్ముకొన్న తల్లులు మనకు తెలియని వారు కారు. అయితే మనుష్యుని విలువ తులములలో తూచు త్రాసు ప్రభువు మందిరములో ఉండరాదు. కాబట్టి మేము రెండు తీర్మానములు చేసికొంటిమి. మందిరములో ముందు కుర్చీ ముసలివారికిని రోగులకును మాత్రమే. పిల్ల తండ్రిని ఇన్ని తులములు పెట్టుమని అడుగు మాటల దగ్గర మేము కూర్చుండము. సంఘ పెద్దలారా, మీరును మాతో నిలువుడి. రాబోవు ప్రభు సంస్కారపు ఆదివారమునకు ముందు, మీ పల్లెలో గుడికి రాక నిలిచిపోయిన ఒక్కరి ఇంటికి పోయి, పేరు పెట్టి పిలిచి తోడుకొని రండి.

ఆ సహోదరి ఇప్పుడు వచ్చుచున్నది. పుస్తెలు ఇంకను విడిపింపబడలేదు. అయినను స్త్రీల నడుమనే కూర్చుండుచున్నది.

ప్రార్థన: మా పేర్లను హృదయము మీద మోయు ప్రభువా, మేము మరచినవారిని నీవు మరువలేదు. మా కన్నులు మార్చుము. నీ స్వకీయ ధనమైన నీ జనులను ఎరిగి ప్రేమించు మనస్సు మాకిమ్ము. ఆమేన్.