డార్విన్ దేవుణ్ణి నమ్మాడా: ఉత్తరాల సెర్చ్ ఎంతవరకు చెబుతుంది?

ఛార్లెస్ డార్విన్ దేవుణ్ణి నమ్మాడా, లేదా? ఆయన బతికుండగానే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఉత్తరాలు రాసి మరీ అడిగిన ప్రశ్న ఇది. ఇవాళ జవాబు కావాలంటే కేంబ్రిడ్జి వెళ్లి పాత కాగితాలు తిరగేయనక్కర్లేదు. 1974లో ఫ్రెడరిక్ బర్‌ఖార్ట్ మొదలుపెట్టిన డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్టు, ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 15,000కు పైగా ఉత్తరాలను పరిష్కరించి 30 సంపుటాలుగా అచ్చువేసింది. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒక మాట టైపు చేస్తే అది ఉన్న ఉత్తరాలు తేదీలతో సహా బారులు తీరతాయి. ఈ సదుపాయం చేసిన మేలు అంతా ఇంతా కాదు. అయితే దీని వెంటే ఒక భ్రమ కూడా వస్తోంది: మనిషి విశ్వాసం కూడా మాట పెట్టి వెతికితే చేతికందే వస్తువేనని. దేవుడి గురించి ఉత్తరంలో రాసిన ప్రతి వాక్యం ఎవరో ఒకరికి చెప్పిన సమాధానం. ఆ మనిషెవరో, ఏమడిగారో తెలియనంతవరకు దాని అర్థం సగమే తెలిసినట్టు.

దీనికి రుజువు డార్విన్ ఉత్తరాల్లోనే ఉంది. 1880 అక్టోబర్ 13న ఆయన ఒకరికి జాబు రాశాడు. తన పుస్తకాన్ని అంకితమిస్తానన్న వ్యక్తికి మర్యాదగా వద్దని చెప్పిన జాబు అది. క్రైస్తవం మీద, ఆస్తికత్వం మీద నేరుగా దాడిచేస్తే జనం మనసు మారదనీ, విజ్ఞానం పెరిగేకొద్దీ ఆలోచన మెల్లగా వికసిస్తుందనీ, ఇంట్లో కొందరికి నొప్పి కలుగుతుందన్న జంకు కూడా తనకు ఉండి ఉండవచ్చనీ అందులో సారాంశం. కాగితం మీద అందుకున్నవారి పేరు లేదు. అది కార్ల్ మార్క్స్ కాగితాల్లో దొరికింది. ఇంకేం, మార్క్స్ తన 'పెట్టుబడి'ని డార్విన్‌కు అంకితమివ్వబోతే ఆయన కాదన్నాడన్న కథ దశాబ్దాల తరబడి పుస్తకాలకెక్కింది. 1970లలో పరిశోధకులు అసలు సంగతి బయటపెట్టారు. ఆ జాబుకు ముందురోజు తేదీతో ఎడ్వర్డ్ ఎవెలింగ్ అనే స్వేచ్ఛాలోచనవాది అంకితానికి అనుమతి కోరుతూ రాసిన ఉత్తరం డార్విన్ కాగితాల్లో భద్రంగా ఉంది. ఎవెలింగ్ ఆ తర్వాతి కాలంలో మార్క్స్ కూతురు ఎలినార్‌తో కలిసి బతికాడు. అలా కాగితాలు కలిసిపోయాయి. ఉత్తరంలో ఒక్క అక్షరం మారలేదు. అందుకున్నవాడి పేరు మారేసరికి, రాజకీయ భయంలా కనిపించినది మతం విషయంలో పాటించిన సంయమనంగా తేలింది.

తాత్పర్యం తేల్చడానికి మన మీమాంసకులు ఆరు లింగాలు, అంటే గుర్తులు, చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. అభ్యాసమంటే ఒకే విషయం పదేపదే రావడం. సెర్చ్ సులువుగా పట్టుకోగలిగేది ఆ ఒక్కదాన్నే. దాన్ని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. 1851 ఏప్రిల్ 23న డార్విన్ పదేళ్ల కూతురు ఆనీ మాల్వెర్న్‌లో కన్నుమూసింది. నిండు గర్భిణిగా ఇంట్లోనే ఉండిపోయిన భార్య ఎమ్మాకు డార్విన్ ఆ రోజే ఉత్తరం రాశాడు. అందులో దేవుడి పేరు ఉంది; బిడ్డకు దేవుడి దీవెన కోరడమూ ఉంది. లెక్కలో అది ఆస్తికుడి ఉత్తరం కిందికి వస్తుంది. కానీ ఆయనలో మిగిలిన కాస్త విశ్వాసాన్నీ తుంచేసినది ఆ చావేనని కొందరు జీవితచరిత్రకారుల అభిప్రాయం. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, భక్తురాలైన తల్లికి ఆమె భాషలో ఓదార్పు చెప్పాడు. దాన్ని మతప్రకటనగా లెక్కకట్టడం అన్యాయం. ఇక పెళ్లయిన కొత్తలో ఎమ్మా ఆయన సందేహాల గురించి కలతపడుతూ ఒక ఉత్తరం రాసింది. దాని అడుగున, ఈ కాగితాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని, తన తదనంతరం ఆమెకు తెలిసేలా డార్విన్ రాసిపెట్టాడు. ఆ గీతల్లో దేవుడూ లేడు, మతమూ లేదు. ఆ ఇంట్లో విశ్వాసం ఎంత బరువైన సంగతో తెలియజేసే వాక్యం మాత్రం, నా దృష్టిలో, అంతకు మించినది లేదు.

ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. సెర్చ్ రాకముందు మనం చదివింది ఇంటివాళ్లు ఏరి ఇచ్చిందే కదా అంటారు. నిజమే. 1887లో కొడుకు ఫ్రాన్సిస్ తండ్రి ఆత్మకథను అచ్చువేసినప్పుడు మతం గురించిన భాగాలు కొన్ని తీసేశారు. మనవరాలు నోరా బార్లో వాటిని తిరిగి చేర్చింది 1958లో. ఆ కాపలాను తొలగించిన పరికరాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. పైగా ఈ ప్రాజెక్టు వచ్చిన ఉత్తరాలను కూడా పెట్టింది కాబట్టి దిద్దుబాటుకు దారి అక్కడే ఉంది. నా ఫిర్యాదంతా ఫలితాల పట్టీ దగ్గరే ఆగిపోయే పాఠకుడి మీద. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: మనిషిని బట్టి మాట మారితే డార్విన్‌కు సొంత అభిప్రాయమే లేదనాలా? అనక్కర్లేదు. 1860లో భక్తుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాస్తూ, లోకంలో ఇంత బాధ ఉందేమని వాపోయాడు. గొంగళిపురుగును లోపలినుంచి తినే కందిరీగను దయామయుడు కావాలని సృష్టించాడంటే నమ్మలేనన్నాడు. 1879లో జాన్ ఫోర్డైస్ అనే వ్యక్తికి, తాను దేవుడు లేడన్నంత నాస్తికుణ్ణి ఎన్నడూ కాననీ, అజ్ఞేయవాది అంటే చాలావరకు సరిపోతుందనీ రాశాడు. ఎవెలింగ్ జాబు వెళ్లిన ఆరు వారాలకు, 1880 నవంబర్ 24న, మెక్‌డెర్మట్ అనే యువ న్యాయవాదికి బైబిల్ దైవవాణి అని తాను నమ్మనని రెండు మూడు వరసల్లో తేల్చిచెప్పాడు. ముగ్గురికీ మూడు స్వరాలు. దేవుడు లేడని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఎవరికి ఏ స్వరంలో రాశాడో గమనించి పక్కన పెడితేనే, మారకుండా నిలిచినది ఏమిటో కనిపిస్తుంది.

మెక్‌డెర్మట్ ఆ జవాబును పత్రికలకెక్కించనని ముందే మాట ఇచ్చాడు. 2015లో ఆ ఉత్తరం న్యూయార్క్ వేలంలో అమ్ముడుపోయింది. ఇవాళ మనమంతా చదవొచ్చు, చదవాలి కూడా. ఆ మాట మీద భరోసాతోనే డార్విన్ అంత సూటిగా రాశాడని గుర్తుంచుకుని చదవాలి. రేపు మన తెలుగు రచయితల ఉత్తరాలను ఇలా ఆన్‌లైన్‌లో పెట్టబోయేవారికి ఒక మనవి: రచయిత రాసినవాటితో సరిపెట్టకండి. ఆయనకు వచ్చినవాటినీ సేకరించండి, ప్రతి జవాబు పక్కనే దాన్ని రాయించిన ప్రశ్ననూ ఉంచండి.